ఐసు ఎక్కువైతే చేప తక్కువ

నలభై ఏడో నంబరు బోటు ఏదో దాస్తోందని పుష్పకుమారికి చెప్పింది ఒక గ్రాఫు కాగితం.

1981 ఏప్రిల్. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం జరిగే రేకుల షెడ్డు పక్కన ఒక చిన్న గది. అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, నాలుగు లావుపాటి రిజిస్టర్లు. అదే ఆమె ఆఫీసు. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. స్టాటిస్టిక్స్ చదివింది. మత్స్యశాఖలో చేరి ఎనిమిది నెలలైంది. పొద్దున్న ఐదింటికి వేటకు బయల్దేరే మరబోట్లలో ఏది ఎన్ని ఐసు దిమ్మలు ఎక్కించుకుందో రాసుకోవాలి. సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చాక ఏది ఎన్ని కిలోల చేప దించిందో రాసుకోవాలి. హార్బర్‌లో అందరికీ ఆమె 'లెక్కలమ్మ'.

రాసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. పుష్పకుమారి ఊరుకోలేదు.

ఆమె పన్నెండు బోట్లు ఎంచుకుంది. ఒక్కో బోటుకి ఒక్కో గ్రాఫు కాగితం. అడ్డంగా ఐసు, నిలువుగా చేప. వేటకి వెళ్లిన రోజుకో చుక్క. జనవరి నుంచి వంద రోజుల లెక్క.

పదకొండు బోట్ల చుక్కలు ఎడమ పక్క కింద మొదలై కుడి పక్క పైకి ఎక్కాయి, రాస్ హిల్ చర్చి మెట్లలాగా. ఐసు పెరిగితే చేప కూడా పెరుగుతోంది. అందులో వింతేమీ లేదు. చేప బాగా పడుతుందని నమ్మకమున్న డ్రైవరు ఐసు ఎక్కువ తీసుకెళ్తాడు, నమ్మకం లేనివాడు తక్కువ తీసుకెళ్తాడు.

నలభై ఏడో నంబరు చుక్కలు మాత్రం అవే మెట్లు దిగుతున్నాయి. మూడు దిమ్మలు తీసుకెళ్లిన రోజు మూడు వందల కిలోలు. పదకొండు దిమ్మలు తీసుకెళ్లిన రోజు నూట పది కిలోలు.

ఆమె రిజిస్టరుతో మళ్లీ సరిచూసుకుంది. ఎక్కడా తప్పు లేదు.

అప్పుడే గుమ్మంలోకి గురునాథరావు వచ్చాడు. కస్టమ్స్ ఇన్‌స్పెక్టర్. యాభై దాటిన మనిషి. వారానికి రెండుసార్లు హార్బర్‌కి వచ్చి ఆ గదిలోనే కూర్చుని టీ తాగడం ఆయనకు అలవాటు.

"ఏంటమ్మాయ్, ముగ్గులు పెడుతున్నావా?"

"ముగ్గులు కాదు సార్, సహసంబంధం. ఈ పదకొండూ చూడండి. రెండూ కలిసి పెరుగుతున్నాయి. దీన్ని ధన సహసంబంధం అంటారు. ఇప్పుడు దీన్ని చూడండి. ఒకటి పెరిగితే ఒకటి తగ్గుతోంది. ఇది రుణ సహసంబంధం. ఇదొక్కటే తిరగబడింది సార్! భలే ఉంది కదూ?"

గురునాథరావు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"ఎవరిదీ బోటు?"

"శ్రీరామ్మూర్తి గారిది. డ్రైవరు అప్పలసూరి."

"ఐసు నిండా తీసుకెళ్తాడు. చేప లేకుండా వస్తాడు. మరి ఐసు కింద ఏం తెస్తున్నాడు?"

పుష్పకుమారి నవ్వబోయి ఆగిపోయింది. ఆయన నవ్వడం లేదు. దూరంగా లంగరేసిన ఓడల నుంచి వాచీలు, టేపు రికార్డర్లు, సింగపూర్ బట్టలు పడవల్లోకి దిగుతున్నాయని హార్బర్‌లో అందరూ చెప్పుకునేదే.

"ఈ కాగితం నా దగ్గరుంచుకుంటాను," అని మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు శుక్రవారం. సాయంత్రం నాలుగింటికి నలభై ఏడో నంబరు బోటు జెట్టీకి తగలగానే నలుగురు కస్టమ్స్ జవాన్లు అందులోకి దూకారు. చేపల గది ఖాళీ చేశారు. చెక్కలు ఊడదీశారు. డీజిల్ ట్యాంకులో కర్ర పెట్టి కెలికారు. తొంభై కిలోల చేప, అడుగున మడమ లోతు నీళ్లు తప్ప మరేం దొరకలేదు.

వేలంపాట ఆగిపోయింది. జెట్టీ నిండా జనం.

అప్పలసూరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ల మనిషి. ఎండకి నల్లబడ్డ ముఖం, ఉప్పుకి తెల్లబడ్డ కనుబొమ్మలు.

"పొద్దున్న ఎన్ని దిమ్మలు ఎక్కించావ్?" గురునాథరావు అడిగాడు.

"పన్నెండు బాబూ."

"తొంభై కిలోల చేపకి రెండు దిమ్మలు చాలు. మిగతా పదీ ఏమయ్యాయి?"

"కరిగిపోనాయి బాబూ. ఎండలు సూత్తన్నారు గదా."

"మిగతా బోట్ల మీద ఎండ కాయలేదా?"

అప్పలసూరి తల దించుకున్నాడు. కూడా ఉన్న నలుగురు కలాసీలు సముద్రం వైపు చూశారు.

"సరుకు దొరకలేదంటే సరుకు లేదని కాదు. ముందే ఎక్కడో దించేశారని," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సోమవారం దాకా టైమిస్తున్నాను. ఐసు ఎక్కడికెళ్తోందో చెప్పు. లేదంటే నా రిపోర్టు పైకి వెళ్తుంది. ఆ తరవాత నా చేతిలో ఏం ఉండదు."

ఆ రోజుల్లో స్మగ్లింగ్ కేసంటే విచారణ కూడా లేకుండా ఏడాది పాటు జైల్లో పెట్టొచ్చు. ఆ సంగతి జెట్టీ మీదున్న అందరికీ తెలుసు.

జనం చెదిరిపోతుంటే అప్పలసూరి గది ముందు ఆగాడు. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టంగా అనిపించింది.

"లెక్కలమ్మా, పన్నెండుకి బదులు మూడని దొంగలెక్క రాయమని నానెప్పుడైనా నిన్ను అడిగినానా?"

"లేదు."

"దాసవలసిన పని అయితే అడగనేటి?"

అంతే అని వెళ్లిపోయాడు. పుష్పకుమారి ఆ మాటనే పట్టుకుని కూర్చుంది. నిజమే. దొంగపని చేసేవాడు ఐసు ఫ్యాక్టరీలో చీటీ రాయించుకుని మరీ పన్నెండు దిమ్మలు ఎక్కిస్తాడా? ఒక మనిషిని జైలు గుమ్మం దాకా తీసుకెళ్లినవి తన చుక్కలే. రెండు విషయాలు కలిసి కదులుతున్నాయని చూపించింది గానీ, ఎందుకు కదులుతున్నాయో తనకే తెలియదు. తెలియకుండానే వేరేవాళ్లకి చూపించింది.

సోమవారానికి ఇంకా రెండు రోజులుంది.

శనివారం పొద్దున్న ఆమె పోర్టు సిగ్నల్ స్టేషన్‌కి వెళ్లింది. అక్కడ పనిచేసే జాన్‌బాబు ఆమెకు బాబాయ్. ఏ ఓడ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లింది, సముద్రం మీద గాలి ఎలా ఉంది, గంట గంటకీ పుస్తకంలో రాయడం ఆయన పని.

"బాబాయ్, జనవరి నుంచి ఏ రోజు ఎన్ని ఓడలు బయట లంగరేసి ఉన్నాయో కావాలి."

"ఎందుకే? ఏ ఓడ కెప్టెన్‌నైనా చూసుకున్నావా?"

"ఉన్నాడులే, డెబ్భై ఏళ్లవాడు. పుస్తకం ఇటియ్యి."

ఆమె ఆలోచన సూటిగా ఉంది. అప్పలసూరి ఓడల నుంచి సరుకు తెస్తుంటే, ఓడలు ఎక్కువున్న రోజుల్లో ఐసు ఎక్కువ ఎక్కించాలి. అసలు ఓడలే లేని రోజున అంత ఐసుతో పనే ఉండదు. వెంట తెచ్చుకున్న ఐసు రిజిస్టరు విప్పి, కొత్త కాగితం మీద అడ్డంగా ఓడలు, నిలువుగా ఐసు పెట్టి చుక్కలు వేసింది. గంటన్నర పట్టింది.

చుక్కలు పైకి ఎక్కలేదు. కిందకి దిగలేదు. నేల మీద ఆవాలు ఒలికినట్టు కాగితమంతా పడ్డాయి. ఒక్క ఓడా లేని రోజున పన్నెండు దిమ్మలు. తొమ్మిది ఓడలున్న రోజున మూడు.

"సంబంధం లేదు! బాబాయ్, వీటికి ఏ సంబంధమూ లేదు!"

"సంబంధం కుదరకపోతే ఏడ్చేవాళ్లని చూశాను. ఎగిరి గంతేసేదాన్ని నిన్నే చూస్తున్నా," అన్నాడు జాన్‌బాబు. అని ఆమె చెప్పిందంతా విన్నాడు. విని తల ఊపాడు. "ఇది చాలదే. మరి ఐసు ఎటుపోయిందయ్యా అంటాడు ఇన్‌స్పెక్టరు."

"అదే తెలీడం లేదు. ఐసు ఎక్కువైతే చేప ఎందుకు తగ్గాలి? ఐసు చూసి చేపలు పారిపోవు కదా?"

జాన్‌బాబు మంచినీళ్ల కుండ మూత తీస్తూ అన్నాడు. "మన వీధిలో ముంజలమ్మి రోజూ వస్తుందా? ఆవిడ బుట్ట తొందరగా ఖాళీ అయిన రోజునే పెద్దాసుపత్రిలో వడదెబ్బ కేసులు ఎక్కువ. మీ పిన్ని ఏమందో తెలుసా? ముంజలు తింటే వడదెబ్బ కొడుతుందట. నన్ను మానెయ్యమంది."

"ముంజలేం చేశాయి పాపం? ఎండ ఎక్కువైతే అవీ అమ్ముడవుతాయి, వడదెబ్బా..."

పుష్పకుమారి మాట మధ్యలో ఆగిపోయింది.

ముంజలు వడదెబ్బని తేలేదు. వడదెబ్బ ముంజల్ని తేలేదు. రెండింటి వెనకా ఉన్నది ఎండ. మూడోది. ఎవరూ రాసుకోనిది.

నలభై ఏడో నంబరులో ఐసుని పెంచేది, చేపని తగ్గించేది ఒకటే అయితే? ఆ మూడోది ఏది?

ఆమె కళ్లు బల్ల మీదున్న పుస్తకం వైపు మళ్లాయి. ఓడల గడి పక్కనే గాలి గడి ఉంది. ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు. ఐసు పది దిమ్మలు దాటిన రోజులు ఆమెకు కంఠస్థమైపోయాయి. జనవరి పదకొండు, మధ్యాహ్నం గాలి లేదు. జనవరి పద్నాలుగు, లేదు. జనవరి ఇరవై, లేదు. ఫిబ్రవరి రెండు...

మొత్తం ముప్ఫై ఒక్క రోజులు. అందులో ఇరవై తొమ్మిది రోజులు మధ్యాహ్నం సముద్రం మీద గాలి పడిపోయింది.

"బాబాయ్! గాలి పెరిగితే ఐసు తగ్గుతోంది. గాలి తగ్గితే ఐసు పెరుగుతోంది!"

"బోటుకి ఇంజనుంది కదే. గాలితో వాడికేం పని?"

అదే ప్రశ్న. ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఐసు ఎక్కించేది పొద్దున్న ఐదింటికి. గాలి పడిపోయేది మధ్యాహ్నం పన్నెండింటికి. ఏడు గంటల తరవాత జరగబోయేది అప్పలసూరికి ముందే ఎలా తెలుస్తోంది? ఇంజనున్న బోటుకి కాకపోతే గాలి ఎవరికి కావాలి?

తెరచాప ఉన్నవాళ్లకి. తెప్పలవాళ్లకి.

మధ్యాహ్నానికి ఆమె జాలరిపేటలో ఉంది. ఇసుక మీద తెప్పలు ఆరబెట్టి ఉన్నాయి. అప్పలసూరి ఇంటి ముందు అతని భార్య చిలకమ్మ చేపల తట్ట కడుగుతోంది. పుష్పకుమారిని చూడగానే లేచి నిలబడింది.

"ఓలమ్మ! నువ్వేనేటి లెక్కలమ్మవి? నా మొగుడి మీద కాయితాలు రాసినావట. ఇంకేటి రాద్దామని వచ్చినావు? ఇంట్లో కుండలెన్నో లెక్కెడతావా? రా, ఎట్టు! రెండు మంచివి, ఒకటి సిల్లుది!"

చుట్టుపక్కల గుమ్మాల్లోంచి ఆడవాళ్లు నవ్వారు. పుష్పకుమారి అక్కడే ఇసుకలో కూర్చుంది.

"నేను తప్పు చేశాను చిలకమ్మా. ఒక్క మాట అడిగి వెళ్లిపోతాను. గాలి లేని రోజున తెప్పలు ఏమవుతాయి?"

నవ్వులు ఆగిపోయాయి. చిలకమ్మ చేతిలో తట్ట కిందకి దిగింది. పక్క ఇంటి అరుగు మీద వల అల్లుతున్న ముసలాయన తల ఎత్తాడు. జగ్గయ్య. జాలరిపేట కుల పెద్ద, అప్పలసూరికి పెదనాన్న.

"ఆ మాట నీకెవులు సెప్పినారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు తాతా. పుస్తకంలో గాలి చూశాను."

జగ్గయ్య వల పక్కన పెట్టాడు. తరవాత చెప్పడం మొదలుపెట్టాడు.

జాలరిపేట పాతిక తెప్పలూ రాత్రి రెండో జామున సముద్రం మీదకి వెళ్తాయి. మధ్యాహ్నం సముద్రం మీంచి వచ్చే గాలికి చాప ఎత్తి ఒడ్డుకి వస్తాయి. గాలి లేకపోతే తెడ్డు వేసుకుంటూ రావాలి. ఒడ్డు చేరేసరికి సాయంత్రం. ఈలోపు పట్టిన చేప ఎండకి మెత్తబడిపోతుంది. ఆడవాళ్లు తట్టలో పెట్టుకుని ఊళ్లోకి వెళ్తే వాసన చూసి తలుపేసుకుంటారు.

"పోయిన కార్తీకంలో మా సూరిగాడి బోటు తెప్పల మద్దిలోకి వచ్చేసినాది. తొమ్మిది వలలు కోసుకుపోనాది. కావాలని కాదు, పొగమంచు. అయినా తప్పు తప్పే గదా? ఆడు మా పిల్లోడే. పెద్దలం కూకున్నాం. జరిమానా కింద డబ్బుల తప్పు ఏత్తే ఏటొత్తాది? ఒకనాడు కట్టేత్తాడు, మర్నాడు మర్సిపోతాడు. అందుకే ఐసు తప్పు ఏసినాం. ఏడాది పాటు గాలి నేని రోజున సూరిగాడు తెప్పల కాడికొచ్చి తలా అరతట్ట ఐసు ఇవ్వాల. గంగమ్మ మీద ఒట్టేసినాడు."

"గాలి ఉండదని ముందే ఎలా తెలుస్తుంది?"

"తెల్లారగట్ల కొండ మీంచి గాలి సల్లగా తగలాల. తగిలినాదా, మద్దేనం సముద్రగాలి వత్తాది. తగలనేదా, రాదు. ఎప్పుడో ఒకపాలి తప్పుతాది."

ముప్ఫై ఒకటిలో రెండుసార్లు తప్పింది. కాగితం మీది ప్రతి చుక్కా ఇప్పుడు మాట్లాడుతోంది. గాలి లేని రోజున అప్పలసూరి ఐసు ఎక్కువ ఎక్కిస్తాడు. పాతిక తెప్పల చుట్టూ తిరిగి పంచిపెట్టేసరికి వేట టైములో సగం పోతుంది. అందుకే చేప తక్కువ. ఐసుకీ చేపకీ మధ్య ఉన్నది గాలి.

"ఇది ఇన్‌స్పెక్టర్‌కి చెప్పేస్తే అయిపోతుంది కదా! ఎందుకు దాస్తున్నారు?"

చిలకమ్మ గబగబా దగ్గరికొచ్చింది. "అమ్మ బాబోయ్, ఆ పని సేయకు! ఐసు డబ్బులు నా మొగుడు ఆడి వాటాలోంచే కడతన్నాడు. కానీ బోటు ఓనరుది గదా? ఏట మానేసి తెప్పలోల్లకి సాయం సేత్తన్నాడని శ్రీరామ్మూర్తి బాబుకి తెలిత్తే ఆ పూటే దింపేత్తాడు. మరబోటోల్లకీ తెప్పలోల్లకీ పడదని నీకు తెల్దేటి? ఇంకే ఓనరూ బోటియ్యడు."

"జైలుకి వెళ్లడం కంటే అది నయం కదా?"

"జైలుకి పంపితే ఏడాదికి వత్తాడు. బోటు పోతే ఏం సేత్తాడు? ఒట్టెయ్యి, నువ్వు సెప్పనని."

పుష్పకుమారి ఒట్టు వేసింది. తిరిగి వెళ్తుంటే, ఒక మనిషిని కాపాడటానికి సగం నిజం సరిపోతుందా అన్న ప్రశ్న ఆమె వెంటే నడిచింది.

సోమవారం. ఐదు కావడానికి ఇంకా పదినిమిషాలుంది. తూర్పున వెలుగు రేఖ. ఆమె గదిలో గురునాథరావు ఒక కుర్చీలో, ఓనరు శ్రీరామ్మూర్తి ఇంకో కుర్చీలో కూర్చున్నారు. శ్రీరామ్మూర్తికి రెండు బోట్లున్నాయి, నలభై ఏడు, యాభై రెండు. లావుపాటి మనిషి. శుక్రవారం నుంచి నిద్రలేదు.

పుష్పకుమారి రెండు కాగితాలు బల్ల మీద పరిచింది.

"సార్, ఇది ఓడలకీ ఐసుకీ. చూడండి, సంబంధం లేదు. ఓడల కోసం ఐసు తీసుకెళ్తుంటే ఇలా ఉండదు. ఇది గాలికీ ఐసుకీ. గాలి పడిపోయిన రోజున ఐసు పెరుగుతోంది."

గురునాథరావు రెండూ దగ్గరగా పెట్టుకుని చూశాడు. "నువ్వు గురువారం ఒక కాగితం చూపించావు. నేను స్మగ్లింగ్ అనుకున్నాను. ఇవాళ రెండు చూపించి స్మగ్లింగ్ కాదంటున్నావు. రేపు ఇంకోటి చూపిస్తావు. సరే, గాలికీ ఐసుకీ ఏంటి సంబంధం?"

"ఎందుకన్నది చెప్పలేను సార్."

"చెప్పలేవా, చెప్పవా?"

ఆమె కాగితాల అంచులు సర్దింది. ఆయన చిన్నగా నవ్వాడు.

"అయితే ఒక పని చేద్దాం. నీ చుక్కలు నిజమైతే జరగబోయేది కూడా చెప్పాలి. నలభై ఏడు ఇంకా ఐసు ఎక్కించలేదు. ఇవాళ ఎన్ని దిమ్మలు ఎక్కిస్తుంది?"

ఆమె గుమ్మం బయటికి వచ్చి నిలబడింది. ముఖానికి చల్లగాలి తగల్లేదు. టీ కొట్టు పొయ్యి పొగ కర్ర నిలబెట్టినట్టు నిటారుగా పైకి పోతోంది.

గాలి లేదు. చెయ్యాల్సిన లెక్క తేలికే. కానీ ఇవాళ అప్పలసూరి వెనక కస్టమ్స్ వాళ్లున్నారు. బుద్ధున్నవాడెవడైనా మూడు దిమ్మలు ఎక్కించి ఊరుకుంటాడు. అదే జరిగితే ఆమె కాగితం అబద్ధమవుతుంది, రిపోర్టు పైకి వెళ్తుంది. పదకొండు ఎక్కిస్తే కాగితం నిలబడుతుంది, కానీ ఆ ఐసు వెంట వీళ్లు పడతారు. ఏది జరగాలని కోరుకోవాలో ఆమెకే తెలియలేదు.

"పదికి తగ్గదు సార్," అంది లోపలికి వచ్చి.

పావుగంట తరవాత ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా చీటీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

నంబరు 47. దిమ్మలు 12.

శ్రీరామ్మూర్తి నెత్తి కొట్టుకున్నాడు. "ఈడికి బుర్ర నేదేటి? కస్టమ్స్‌వోళ్లు కూకునుంటే పన్నెండా!"

గురునాథరావు లేచాడు. ఆయన ముఖంలో పోలీసు చూపు పోయింది. కొత్త బొమ్మ విప్పి చూడాలనుకునే పిల్లాడి చూపు వచ్చింది. "లాంచీ రెడీగా ఉంది. పదండి. నాకిది తెలియాలి."

రెండు బోట్ల ఓనరు శ్రీరామ్మూర్తి సముద్రం మీదకి రావడం అదే మొదటిసారి. హార్బర్ నోరు దాటగానే కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇలాగూగుతాదని ఎవులూ సెప్పనేదు," అని రెండుసార్లు గొణిగాడు. నలభై ఏడు దూరంగా చుక్కలా కనిపిస్తోంది. లాంచీ దాని వెనకే, తొందరపడకుండా వెళ్లింది.

పదింటికి సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. పాతిక తెప్పలు చెల్లాచెదురుగా తేలుతున్నాయి. చాపలన్నీ ముడుచుకుని ఉన్నాయి. నలభై ఏడు మొదటి తెప్ప పక్కన ఇంజను తగ్గించింది. అప్పలసూరి అంచు మీద కూర్చుని అరతట్ట ఐసు కిందకి అందించాడు. తెప్ప మీది ముసలివాడు అందుకుని చేపల మీద పోసి, తడి గోనెపట్టా కప్పాడు. బోటు రెండో తెప్ప దగ్గరికి కదిలింది.

గురునాథరావు దుర్భిణీ దించలేదు. ఆరో తెప్ప దాకా చూశాడు. తెప్ప మీంచి బోటులోకి ఏదీ రాలేదు. ఐసు మాత్రం వెళ్తోంది.

"గాలి లేదు కాబట్టి ఐసు," అన్నాడు మెల్లగా. "అరె! గాలి లేదు కాబట్టి ఐసు!" అని పుష్పకుమారి వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసు కదూ?"

"ఒట్టు వేశాను సార్."

"నా రిపోర్టులో ఒకటే ముక్క రాస్తాను. సరుకేమీ లేదు. ఐసు పంచడం కస్టమ్స్ చట్టంలో నేరం కాదు."

శ్రీరామ్మూర్తి కళ్లు తెరిచాడు. ఆయన చూసిందీ అదే. కమ్మీ వదిలేసి అరిచాడు. "నా బోటు! నా డీజిలు! నా ఏట మానేసి తెప్పలోల్లకి ఐసు సప్లై సేత్తన్నాడా! ఒరే సూరిగా! ఒడ్డుకి రా, ఇవాల్టితో నువ్వు దిగిపోయినట్టే!"

నీళ్ల మీద మాట బాగా పోతుంది. అప్పలసూరి లాంచీ వైపు చూశాడు. చేతిలో ఏడో తట్ట ఉంది. దాన్ని కిందకి అందించి, ఎనిమిదోది నింపమని కలాసీకి సైగ చేశాడు.

సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ అదే గది. అప్పలసూరి గుమ్మంలో నిలబడ్డాడు, బోటు తాళాలు చేతిలో పట్టుకుని. వాటిని బల్ల మీద పెట్టబోతుంటే పుష్పకుమారి అంది, "ఒక్క నిమిషం. శ్రీరామ్మూర్తి గారూ, తాళాలు తీసుకునే ముందు ఇది చూడండి."

మధ్యాహ్నమంతా ఆమె రిజిస్టర్లతోనే ఉంది. బోటు వేటకి వెళ్లని రోజున కారణం రాసే గడి ఒకటుంది. ఎవరూ చదవని గడి. ఇంజను రిపేరు, పెళ్లి, తుపాను హెచ్చరిక. వాటి మధ్య మాటిమాటికీ వచ్చే కారణం ఒకటుంది, తెప్పలవాళ్లతో గొడవ. రాళ్లు రువ్వుకోవడం, వలలు తెగడం, స్టేషన్ చుట్టూ తిరగడం.

"జనవరి నుంచి గొడవల వల్ల ఆగిన రోజులు ఇవి. మీ యాభై రెండో నంబరు, పద్నాలుగు రోజులు. మిగతా బోట్లలో తొమ్మిదికి తగ్గింది లేదు. నలభై ఏడు, ఒక్కరోజు కూడా లేదు."

శ్రీరామ్మూర్తి కళ్లజోడు పెట్టుకున్నాడు.

"ఇప్పుడు మొత్తం చేప చూడండి. ఐసు పంచిన ముప్ఫై ఒక్క రోజుల్లో సగం వేటే చేసినా, ఈ పన్నెండు బోట్లలో నలభై ఏడుది రెండో స్థానం. యాభై రెండుది తొమ్మిదో స్థానం."

బయట వేలంపాట కేకలు వినిపిస్తున్నాయి. శ్రీరామ్మూర్తి ఒక్కో అంకె మీదా వేలు పెడుతూ రెండుసార్లు చదివాడు.

"అంటే ఐసు ఇవ్వబట్టే గొడవల్లేవంటావేటమ్మా?"

ఔనంటే చాలు, అప్పలసూరి నిలబడిపోతాడు. గురునాథరావు కుతూహలంగా ఆమె వైపే చూస్తున్నాడు. చిన్న మాట. పుష్పకుమారి నోటి దాకా వచ్చింది.

"అలా అనలేనండి," అంది చివరికి. "రెండూ కలిసి కనిపిస్తున్నాయి, అంతవరకే చెప్పగలను. గురువారం నేను ఇలాంటిదే ఒకటి చూపిస్తే ఇంతదూరం వచ్చింది. సూరి జాలరిపేట మనిషి కాబట్టి వాళ్లు రాళ్లు వెయ్యడం లేదేమో. ఐసు వల్లో, చుట్టరికం వల్లో ఈ కాగితం చెప్పదు."

"మరెలా తెలుత్తాది?"

"ఐసు ఆపేసి నాలుగు నెలలు చూస్తే తెలుస్తుంది."

అప్పలసూరి గుమ్మంలోంచి నెమ్మదిగా అన్నాడు. "ఆపడం నా సేతిలో నేదు బాబూ. కార్తీకం దాకా ఒట్టున్నాది. బోటు మీదైతే బోటు మీద, నేదంటే నెత్తి మీద మోత్తాను."

శ్రీరామ్మూర్తి కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడిచాడు. రెండు బోట్లతో పది మందికి పని ఇస్తున్న మనిషి. ఆయనకు చుక్కలు తెలియవు గానీ పద్నాలుగు రోజులంటే ఎంతో తెలుసు.

"ఆపి సూడ్డం ఎందుకమ్మా?" అన్నాడు. "ఉన్నది సెడగొట్టుకుని సూత్తామేటి? యాభై రెండు డ్రైవరుకి జాలరిపేటలో సుట్టమూ నేదు, పక్కమూ నేదు. ఆడు పూడిమడక వోడు. ఆడి సేత ఐసు పంపించి సూద్దాం. గొడవలు తగ్గితే ఐసే. తగ్గకపోతే సుట్టరికమే. ఔనా, కాదా?"

యూనివర్సిటీలో మూడేళ్లు చదివినా పుష్పకుమారికి తట్టనిది ఇది. గురునాథరావు పగలబడి నవ్వాడు.

"అమ్మాయ్, నీ కుర్చీ ఈయనకి ఇచ్చెయ్యి."

"మరి నానూ?" అన్నాడు అప్పలసూరి, తాళాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"నువ్వేటి? రేపు ఐదింటికి రా. గాలి సూడ్డం ఆ పూడిమడక వోడికి ఎవులు నేర్పుతారు, నానా? లాంచీ ఎక్కితేనే నా పేగులు నోట్లోకి వచ్చేసినాయి!"

అప్పలసూరి తాళాలు మొలతాడుకి కట్టుకున్నాడు. బయటికి నడవబోతూ ఆగి, "యాభై రెండుకి ఆరు దిమ్మలు సాలు బాబూ, ఆడిది సిన్న బోటు," అన్నాడు. పుష్పకుమారి కొత్త గ్రాఫు కాగితం తీసి, పైన 'నంబరు 52' అని రాసింది.

"ఆరా, ఏడా? సరిగ్గా చెప్పు," అంది.

"ఆరు. రాసుకో, లెక్కలమ్మా."

ఆమె రాసుకుంది.